రూతమ్మ గారు విన్న ఒంటి స్వరం

2019 వానాకాలం. నల్లగొండలో వినికిడి పరీక్షలు చేసే ఒక చిన్న ప్రైవేటు కేంద్రంలో నేను ఆడియాలజిస్టుగా చేరి రెండో సంవత్సరం నడుస్తోంది. ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరు కాదు. చెవి ఏ ధ్వనిని ఎంత మేరకు అందుకుంటోందో కొలిచి, అవసరమైతే వినికిడి యంత్రం అమర్చి, దాన్ని ఆ మనిషికి తగినట్టు సరిచేసే ఉద్యోగం. మా కేంద్రంలో ధ్వని చొరబడకుండా గోడలకు మెత్తలు పరిచిన గది ఒకటి ఉండేది. తలుపు వేస్తే రోడ్డు మీది హారన్లు ఎక్కడో పక్క ఊళ్ళో మోగుతున్నట్టుండేవి. నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ గదిలోనే జరిగింది.

రూతమ్మ గారిది కేతేపల్లి దగ్గరి ఒక ఊరు. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసేవారు. వయసు యాభై దాటింది. ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. హార్మోనియం తొలి స్వరం పలకగానే ఆమె గొంతు కలిపేవారు, వెనుక మిగిలిన ఆడవాళ్ళు అందుకునేవారు. వినికిడి తగ్గుతున్నకొద్దీ ఆమె ఎత్తుకున్న శ్రుతి ఒకటి, హార్మోనియం శ్రుతి ఒకటి కాసాగాయి. భర్త దానియేలు గారు నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆటో నడుపుతారు. ఆమెను మా దగ్గరికి తీసుకొచ్చింది ఆయనే. పరీక్ష చేసి, రెండు చెవులకూ యంత్రాలు అమర్చి, కొన్నాళ్ళు వాడి చూడమన్నాను. మాటలు చక్కగా వినిపించాయి. పాటతోనే చిక్కు వచ్చింది.

“పిల్లలు ఏడిస్తే ఎవరేడుస్తుండ్రో ఎరుకైతాంది బిడ్డా. హార్మోనియమే ఖరాబైనట్టున్నది. మనిషి ఏడ్సినట్టు ఇనొస్తాంది,” అన్నారామె. “ఇగ నా చెవులకు పాట లేదనుకుంట. క్రిస్మస్‌కు వేరేవాళ్ళను ఎత్తుకోమని పాస్టరయ్యగారికి చెప్పేస్త.”

“చెప్పేస్త అంటది గని మేడం, చెప్పొచ్చిన నాడు ఇంట్ల పొయ్యి ముట్టియ్యది,” అన్నారు దానియేలు గారు.

“నువ్వు ముట్టియ్యి. చేతులు లేవా?” అన్నారామె అటు చూడకుండానే.

వినికిడి యంత్రంతో సంగీతం వింతగా తోచడం సాధారణమే. మెదడు కొత్త ధ్వనికి అలవాటు పడాలని మేము చెబుతాం. ఆమెకూ అదే చెప్పాను, కానీ నా జవాబు నాకే చాలలేదు. చిన్ననాటి నుంచి పాడుతున్న పాటలు ఆమెవి. ప్రతి పాటకూ ఆమె మనసులో ఒక పాత రూపం ఉంది. కొత్తగా వినిపించేదాన్ని ఆ రూపంతో పోల్చుకుంటుంటే, తప్పు చెవిదో, యంత్రానిదో, జ్ఞాపకానిదో ఎలా తేలుతుంది? పోల్చుకోవడానికి ఏ జ్ఞాపకమూ లేని సంగీతం కావాలి. అలాంటిది నాకు ఒకటి తెలుసు.

హైదరాబాద్‌లో చదివే రోజుల్లో నా హాస్టల్ గది సహవాసి ప్రయోగ సంగీతం వినేది. పల్లవి, తాళం, రాగం ఉండి తీరాలన్న నియమం లేని సంగీతమది. రేకు మీద పడే చినుకులు, తెగిపోయిన మాట ముక్కలు, ఊపిరి, సుదీర్ఘ నిశ్శబ్దం, ఇవన్నీ అందులో ముడిసరుకే. కళాశాల చర్చా పోటీల్లో పెరిగినదాన్ని కనుక నేను మొదట నిర్వచనం అడిగాను. “దీన్ని సంగీతమని ఏ ప్రమాణంతో అంటావ్?” ఆమె వాదనకు దిగలేదు. “తీర్పు ఎటూ పోదు. మొదలు ఇను,” అంది. ఆ ఏడాది చివరికి నాకు వాటిలో కొన్ని నిజంగా ప్రియమైనవి అయ్యాయి.

నా ఆలోచన రూతమ్మ గారికి వివరించి, వారానికోసారి వచ్చి వినడానికి ఒప్పించాను. షరతులు పెట్టుకున్నాం. చిన్న ముక్కలతోనే మొదలుపెడతాం. పాట కోసం ఎదురుచూడకూడదు. బాగుందా, బాగాలేదా అన్నది నేను అడగను. ఏం వినిపించింది, ఎక్కడ మారింది, అంతే అడుగుతాను.

మొదటి రోజు వినిపించినది ఇనుప గిన్నెలు, తలుపు కిర్రుమనడం, నీళ్ళ చప్పుడు కలిపి కూర్చిన చిన్న రచన. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

“ఏం వినొచ్చిందమ్మా?”

“బోళ్ళు తోమే ఇల్లు. ఇంట్ల మనుషులు లేరు. మా అంగన్‌వాడీల రోజూ ఇనేదే, దీనికి టికెట్టు పెడ్తరా?”

“పెడతారమ్మా,” అన్నాను.

పక్కన కూర్చున్న దానియేలు గారు కుర్చీలో ముందుకు జరిగారు. “మేడం, నా ఆటో మూడో గేరు గూడ గిట్లనే పాడ్తది. ఒక్క సవారి చప్పట్లు కొట్టలే.”

“చివరికొచ్చేసరికి నీళ్ళు దూరం పోయినయి,” అన్నారు రూతమ్మ గారు, ఆయన మాట వినిపించుకోకుండా. నేను ఆ రచనను ఎన్నోసార్లు విన్నాను. నీళ్ళు దూరం కావడాన్ని నేనూ గమనించాను, కానీ రెండో సారో మూడో సారో.

తర్వాతి వారం మాట ముక్కల రచన. ఆమెకు విసుగొచ్చింది. “నత్తోడు కోపానికొచ్చినట్టుంది,” అన్నారు. ఆ తర్వాత మధ్యమధ్య దీర్ఘమైన నిశ్శబ్దాలున్న ఒక పియానో రచన పెట్టాను. ఒక స్వరం మోగుతుంది, పూర్తిగా ఆరిపోతుంది, ఇక అయిపోయిందనుకున్నాక ఇంకొకటి.

“నాకైతే నచ్చలే,” అన్నారామె ముగిశాక. “మల్ల పెట్టు.”

నచ్చనిదాన్ని మళ్ళీ వినిపించమని అడిగే నిజాయితీ నాకు ఈ సంగీతం అభిమానుల్లోనూ అరుదుగా కనిపించింది. నచ్చలేదన్న మాటను ఆమె దాచలేదు, అక్కడితో ఆగనూ లేదు.

ఆ తర్వాత వచ్చినప్పుడు డ్రోన్ వినిపించాను. డ్రోన్ అంటే ఒకే స్వరాన్ని ఆపకుండా సాగదీసే రచన. పాట వెనుక మన తంబూరా శ్రుతిలా ఉంటుంది, కానీ దాని ముందు పాట ఉండదు, ఆ శ్రుతే సర్వస్వం. దాన్ని కొంచెం గట్టిగానే పెట్టాను. కాసేపటికి రూతమ్మ గారి నుదురు ముడిపడింది. కుడిచెవి యంత్రం తీశారు. ఎడమది తీశారు. తల వంచి విన్నారు. మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

“బిడ్డా, నీ పాట వణుకుతాందా?”

“లేదమ్మా. నిలకడగానే ఉంది.”

“మిషన్ తీస్తే సన్నగ ఇనొస్తాంది గని తిన్నగున్నది. పెడ్తే వణుకుతాంది. హార్మోనియం గూడ గిట్లనే ఏడుస్తాంది. అంటే ఏడ్సేది నా చెవులు కాదు.”

నాకు ఒక్కసారిగా విషయం అర్థమైంది. వినికిడి యంత్రం పెద్దది చేసిన ధ్వని చెవి అంచుల నుంచి కారి తిరిగి దాని మైకులో పడితే కీచుమంటుంది. దాన్ని అణచడానికి యంత్రంలో ఫీడ్‌బ్యాక్ క్యాన్సలర్ అనే అమరిక ఉంటుంది. చర్చిలో ప్రార్థనకు రూతమ్మ గారు తల మీద కొంగు కప్పుకుంటారు. కొంగు చెవిని తాకిన ప్రతిసారీ యంత్రం కీచుమంటోందని ఆమె మొదట్లోనే చెప్పడంతో, ఆ అమరికను నేను పూర్తి స్థాయికి పెంచాను. కీచు ఆగింది. అయితే కదలకుండా నిలిచే ఒంటి స్వరం ఆ అమరికకు కీచులాగే తోస్తుంది. హార్మోనియం నిలిపిన స్వరాన్ని అది శత్రువనుకుని తరుముతోంది, ఆ తరుముడే వణుకు. మాటల్లో స్వరం అంతసేపు నిలవదు గనుక అక్కడ ఇది బయటపడలేదు. పాటలో స్వరాలు మారిపోతూ ఉండటం వల్ల వణుకు విడిగా తెలియక, లోపం చెవిదేనని ఆమె నమ్మారు. వేరే ఏమీ లేని ఆ డ్రోన్‌లో దానికి దాక్కునే చోటు దొరకలేదు.

అమరికను తగ్గిస్తే కొంగు కప్పుకున్నప్పుడు మళ్ళీ కీచు మొదలవుతుంది. పాడేటప్పుడు కొంగు చెవుల వెనక్కి తోసుకోవచ్చా అని అడిగాను.

“తల మీద కొంగు లేకుండ దేవుని ముందల నోరు తెరువ,” అన్నారామె నెమ్మదిగా. “మిషన్ కోసం నన్ను మార్చకు బిడ్డా. మిషన్నే మార్చు.”

ఆచారాలను ప్రశ్నించడం నాకు అలవాటు. దీన్నీ ప్రశ్నించుకున్నాను. ఆమె కొంగు ఎవరికీ హాని చేయడం లేదు. యంత్రం ఆమె కోసం ఉంది గాని ఆమె యంత్రం కోసం లేదు. ఆమె మాటే సరైనదని ఒప్పుకున్నాను. మెత్తటి ముద్దతో ఆమె చెవుల అచ్చు తీసి, ధ్వని కారకుండా బిగుతుగా కూర్చునే ఇయర్ మోల్డ్ చేయించాను. పాట కోసం క్యాన్సలర్ తగ్గించిన ప్రత్యేక ప్రోగ్రాం పెట్టి, మీట నొక్కి దానిలోకి మారడం నేర్పాను. మొదట “నా గొంతు నాకే కుండల తలకాయ పెట్టి మాట్లాడినట్టుంది” అన్నారు. అచ్చులో సన్నటి గాలిరంధ్రం చేయించాక అదీ సర్దుకుంది.

గదిలో కుదిరింది చర్చిలో కుదరాలని లేదు. అందుకే ఒక శనివారం మధ్యాహ్నం, పాటల అభ్యాసం వేళకు వాళ్ళ ఊరికి వెళ్ళాను. రూతమ్మ గారు కొంగు కప్పుకుని, మీట నొక్కుకుని, హార్మోనియం పక్కన నిలబడ్డారు. పాట మొదలుపెట్టలేదు. “ఒక్క మెట్టు నొక్కిపట్టు. నేను చెప్పేదాంక ఇడువకు,” అన్నారు వాయించే అబ్బాయితో. “మీరు నోర్లు మూసి ఇనుండ్రి.”

“అక్కా, పాటెప్పుడు? పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన,” అంది వెనుక నుంచి ఒకామె.

“పప్పు ఉడుకుతది. ఇను.”

స్వరం సాగుతూనే ఉంది. మొదట నవ్వులు వచ్చాయి, తర్వాత దగ్గులు, ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. “అక్కా, ఇంటుంటే ఈ చప్పుడు లావైతాంది గదా,” అంది ఆ పప్పు మనిషే. రూతమ్మ గారు ఆ స్వరం మీదే తన గొంతు నిలిపారు. రెండింటి మధ్య సందు లేదు. ఆ నిలకడ నుంచే ఆమె పాట ఎత్తుకున్నారు, ఆడవాళ్ళందరూ వెనుక అందుకున్నారు. గుమ్మంలో నిలబడి విన్న అయ్యగారు క్రిస్మస్‌కు ఎవరు పాడతారన్న ప్రసక్తే తేలేదు.

ప్రయోగ సంగీతం వినడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి నేను రచనల పేర్లు చెప్పను, రూతమ్మ గారి పద్ధతి చెబుతాను. నచ్చలేదనడం అభిప్రాయం, వణుకుతోందనడం సాక్ష్యం. అభిప్రాయంతో ఆగిపోయి ఉంటే ఆమె పాట ఆ వానాకాలంలోనే ముగిసిపోయేది. చర్చా పోటీలు నాకు ఎదుటివాళ్ళను ఖండించడం కోసం వినడం నేర్పాయి. జవాబు సిద్ధం చేసుకోకుండా వినడం వేరే విద్య. ఇప్పుడు ఎవరైనా వచ్చి పాట పాడైందంటే ముందుగా ఒంటి స్వరం పెడతాను, ఏం వినిపిస్తోందో చెప్పమంటాను, వాళ్ళు చెప్పడం ముగించేదాకా నోరు తెరవను.