ఆముదం పూసిన ఇరుసు

పోయిన వారం మా మనవడు, తన కారు చక్రంలోంచి ఏదో గురగురమని శబ్దం వస్తోందని, ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావవ్వా అంటూ నన్నూ వెంటబెట్టుకుని అనంతపురం బైపాసు పక్కనున్న షెడ్డుకు తీసుకుపోయాడు. నాకొక కుర్చీ వేయించి, చేతికి టీ గ్లాసు ఇచ్చి, వాడు ఫోనులో మునిగిపోయాడు. మెకానిక్ చక్రం ఊడదీసి, మూడు కాళ్ళున్న పనిముట్టు ఒకటి దాని నడిమి ఇనుప బొడ్డుకు తగిలించి నింపాదిగా మర తిప్పుతూ పోయాడు. నా టీ సగం కూడా కాలేదు, టప్పుమని ఆ బొడ్డు ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. "ఇంతేనా?" అని పైకే అనేశాను. నా కళ్ళలో నీళ్ళు చూసి మనవడు దుమ్ము పడిందనుకుని రుమాలు ఇచ్చాడు. వాడికేం చెప్పను? మీరంటే నా ఈడువాళ్ళు, ఎద్దులబండి ఎక్కినవాళ్ళు, మీకైతే చెప్పుకోవచ్చు.

అరవైల మొదట్లో బెళుగుప్ప దగ్గర ఒక పల్లెకు నేను కోడలిగా వచ్చాను. మా నాయన గుంతకల్లులో రైల్వేలో పనిచేసేవాడు. పొద్దున లేస్తే ఏ రైలు ఎంత ఆలస్యమో మాట్లాడుకునే ఊళ్ళో పెరిగి, పొద్దున లేస్తే మబ్బు ఏ దిక్కున ఉందో వెతుక్కునే ఊళ్ళో వచ్చి పడ్డాను. మబ్బు ఏ దిక్కునా ఉండేది కాదనుకోండి, అయినా వెతకడం ఎవరూ మానేవారు కాదు. మా మామ బండి తోలి బతికిన మనిషి, శెనక్కాయ మూటలు ఉరవకొండకు చేర్చడం ఆయన పని. ఆయన బండి కిర్రుమనడం ఎవరూ విన్న పాపాన పోలేదు. ఆముదంలో గడ్డి బూడిద కలిపి కందెన చేసి, ఆ డబ్బా బండి కింద వేలాడదీసుకుని, ఇరుసుకు పసిబిడ్డకు తలంటినంత ఓపికగా పూసేవాడట. ఎదురుగా వచ్చే బండి ఏదైనా కిర్రుమంటే దాన్ని ఆపి మరీ తిట్టేవాడని మా అత్త చెప్పి నవ్వేది.

వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టేసరికి గడ్డి లేక ఎద్దులను అమ్ముకోవలసి వచ్చింది. ఊళ్ళో మిగతావాళ్ళదీ అదే గతి, ఒక్క కొట్టంలోనూ కాడి మోసే ఎద్దు మిగలలేదు. మా ఆయన లారీల మీద తిరిగి డ్రైవింగు నేర్చుకుని ఉన్నాడు, ఆయనే వాళ్ళ నాయనను ఒప్పించి, ఎవరో దొరవారు వాడి వదిలేసిన నల్లటి పాతకారు ఒకటి కొనిపించాడు. మా మామ దాన్ని కారు అని ఏనాడూ అనలేదు, బండి అనే అనేవాడు. శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టేవాడు, దిష్టి తగలకుండా నల్లతాడు కట్టేవాడు, మెరక ఎక్కలేక మూలుగుతుంటే పక్కన కూర్చుని "హై, హై" అని అదిలించేవాడు. నేను వెనక సీట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

ఆ వేసవిలో ఒక సాయంత్రం, మా నాయనతోపాటు రైల్వేలో పనిచేసే ఆయన ఒకరు బస్సు దిగి మా ఊరికి నడిచి వచ్చాడు. అమ్మకు బాగలేదు, ఆసుపత్రిలో ఉంది, నిన్ను చూడాలని అడుగుతా ఉంది, అన్నాడు. తెల్లవారుజామునే వచ్చే ఒక్క బస్సులో ఆయనతోపాటే వెళ్ళిపోదామని బట్టలు సర్దుకుంటుంటే మా మామ గడప దగ్గరకు వచ్చి, "మనింటి బండి ఉండంగా ఆ బస్సులో ఎందుకు నలుగుతావు పాపా, మేం తోడుకొనిపోతాం గదా," అన్నాడు. ఆ మాటకు ఆ రోజు నాకు కొండంత ధైర్యం వచ్చింది.

అప్పటికి కారు వెనక చక్రం ఒకటి ఊడదీసి ఉంది, లోపలి బ్రేకు పట్టీలు అరిగిపోతే మా ఆయన కొత్తవి వేస్తున్నాడు. ఇక పని తొందర చేసి, చీకటి పడకముందే బిగించడం మొదలుపెట్టాడు. కోడలు పోయే బండి కదా అని మా మామ ఇంట్లోకి వెళ్ళి, తలంట్లకు దాచుకున్న మంచి ఆముదం తెచ్చి, ఇరుసు కొసకు తన చేత్తో దట్టంగా పూశాడు. మా ఆయన చూశాడు కానీ ఆపలేదు, ఆయనకూ తెలియదు మరి. తర్వాత పానాకు గొట్టం తొడిగి, తండ్రీ కొడుకులిద్దరూ దాని మీద ఎక్కి నిలబడి నట్టు బిగించారు.

కబురు తెచ్చినాయన తెల్లవారుజాము బస్సుకే వెళ్ళిపోయాడు, మేం ముగ్గురం పొద్దున్నే కారులో బయలుదేరాం. ఊరు దాటి కొంచెం దూరం పోయామో లేదో, బ్రేకు పట్టీల దగ్గర ఏదో ఫట్టున విరిగి ఆ వెనక చక్రం బిగుసుకుపోయింది, ముందుకూ పోదు, వెనక్కూ పోదు. విరిగిన ముక్క తీయాలంటే బొడ్డు ఊడదీయాలి. నట్టు సులభంగానే వచ్చింది, బొడ్డు మాత్రం కదల్లేదు. అక్కడికి దగ్గర్లోనే కరువు పనికింద రోడ్డుకు కంకర కొడుతున్న జనం ఉన్నారు, వాళ్ళు సమ్మెటలతో వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. ఎంత కొట్టినా ఇనుము ఇనుముతో మాట్లాడుకున్నట్టు ఖణేల్ ఖణేల్ మంటుందే తప్ప వెంట్రుకవాసి జరగదు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. బండి కట్టించుకుందామంటే ఏ ఊళ్ళోనూ ఎద్దులు లేవు. కంకర కొట్టేవాళ్ళలో ఒకాయన దగ్గర సైకిలు అడిగి తీసుకుని, మా ఆయన ఉరవకొండకు కార్లు బాగుచేసే మేస్త్రి కోసం పోయాడు. నేను ఒక తుమ్మచెట్టు కింద మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వంట చేసిపెట్టే పని కాదు, నీళ్ళు తెచ్చే పని కాదు, నాకు తెలిసిన ఏ పనీ అక్కడ పనికిరాదు. గుంతకల్లు దిక్కు తెలుసు, దోవ తెలుసు, అమ్మ ఎదురుచూస్తోందని తెలుసు, కూర్చోవడం తప్ప చేయగలిగింది మటుకు ఏమీ లేదు. అంత అసహాయంగా నేను జీవితంలో మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు.

పొద్దు వాలుతుండగా మేస్త్రి వచ్చాడు. ఇరుసు కొస వేలితో రాసి చూసుకుని తలెత్తాడు.

"ఏమప్పా, దీనికి ఆముదం పూసింది ఎవురు?"

"నేనే పూసినా," అన్నాడు మా మామ. "కోడలు పోయే బండి గదా, నున్నగా తిరగల్లని."

"ఇది ఎద్దులబండి గాదు పెద్దాయనా. దాంట్లో ఇరుసు మీద చక్రం తిరుగుతాది, నూనె గావల్ల. దీంట్లో ఇరుసే చక్రాన్ని తిప్పల్ల, రెండూ ఒట్టిగా కరుసుకోని ఉండల్ల. నూనె పూసి బిగిస్తే జారి జారి లోపలికి పోయి కూర్చుంటాది. ఇంగ యాడొస్తాది?"

కోపంగా అనలేదు అతను. మా మామ మాత్రం ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు ఆ కంకర కుప్ప మీద కూలబడ్డాడు. బొడ్డు చుట్టూ నిప్పు పెట్టి, లోపలి ఇరుసు కొస మాత్రం తడిగుడ్డతో చల్లగా ఉంచాలన్నాడు మేస్త్రి. కంకర కొట్టే ఆడవాళ్ళు తాగడానికి తెచ్చుకున్న కుండలు అక్కడికి మోసుకొచ్చారు. ఎంత దూరం నుంచి తెచ్చుకున్న నీళ్ళో నాకు తెలుసు. వద్దనడానికి నోరు రాలేదు, తీసుకోవడానికి చెయ్యి రాలేదు. నిప్పు, నీళ్ళు, దెబ్బ, మళ్ళీ నిప్పు, మళ్ళీ దెబ్బ. పొద్దు గూకే వేళకు తుపాకి పేలినట్టు శబ్దం చేసి అది ఊడి వచ్చింది. అందరూ కేకలు పెట్టారు. మా మామ లేచి వచ్చి, తలగుడ్డ విప్పి ఆ ఇరుసును తుడవడం మొదలుపెట్టాడు, చాలులే నాయనా అని మా ఆయన అంటున్నా ఆపకుండా తుడిచాడు.

ఆ కారు దీపాలు మిణుగురుపురుగుల పాటి కూడా వెలగవు. తెల్లవారాక గాని బయలుదేరలేకపోయాం.

ఆసుపత్రి వరండాలో నాయన ఉన్నాడు. "నిన్న పొద్దు గూకేదాకా తెలివిగానే మాట్లాడిందమ్మా," అన్నాడు. ఇంత ఆలస్యమెందుకైందని అడగలేదు. నాయన వెంట లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే అమ్మ కళ్ళు తెరిచి చాలాసేపు చూసింది.

"ఎవురమ్మా నువ్వు?"

"నేనే అమ్మా, నీ పాపను," అన్నాను.

కాదన్నట్టు తల ఊపింది. "మా పాప దూరం నుంచి రావల్ల. వచ్చిందేమో చూడు తల్లీ."

నాయన వైపు చూశాను, ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇక చేసేది లేక, "వస్తాందమ్మా, దోవలో ఉండాది, కారు చెడిపోయిందంట," అన్నాను.

"అయ్యో, ఈ ఎండలో యాడ నిలబడినారో. తాగను నీళ్ళన్నా దొరికినాయో లేదో. నిదానంగానే రమ్మను," అంది అమ్మ, నా చేతిని నిమురుతూ. వాకిలి దగ్గర నిలబడి మా మామ ఇదంతా విన్నాడు. ఆ మరుసటి రోజు అమ్మ పోయింది.

మా మామ మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో, తిట్టేసి, ఏడ్చేసి తేలికపడేదాన్ని. తనకు తెలిసినదాంట్లోకెల్లా మంచిది నా ప్రయాణానికి పెట్టిన మనిషిని ఏమని తిట్టను? ఇప్పుడు మా పల్లె దాకా తారురోడ్డు పడింది, గంటకొక బస్సు ఉంది, రాత్రయిందని ఆగే కారు లేదు. ఆ ఒక్క పగలూ ఇప్పుడైతే ఎవరికీ పోయేది కాదు, ఆడపిల్లలు కబురు అందిన పూటకే తల్లి పక్కన కూర్చుంటున్నారు, చూసి సంతోషిస్తాను. మా అమ్మ మటుకు, నా చెయ్యి పట్టుకునే, కూతురు ఇంకా దోవలోనే ఉందనుకుంటూ వెళ్ళిపోయింది.