రాగిరెక్కల అమ్మాయి చివరి పేజీ

ఇవాళ పొద్దున కూడా మా అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "అమ్మా, టిష్యూ ప్యాకెట్ బ్యాగ్‌లో పెట్టుకున్నావా?" దానికిప్పుడు పంతొమ్మిదేళ్ళు, యూనివర్సిటీ హాస్టల్లో ఉంటోంది. తిన్నావా, నిద్రపోయావా అని నేను అడగాల్సింది పోయి, ప్రతి శనివారం అదే నన్ను టిష్యూ ప్యాకెట్ గురించి అడుగుతుంది. ఏడేళ్ళుగా ఒక్క వారం కూడా తప్పలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే ఈ ఇంట్లో ఏడాది పొడుగునా జలుబులేమో అనుకుంటారు. సంగతి జలుబుది కాదు, నేను చేసిన ఒక ఘనకార్యానిది.

మేము టాంపినీస్ పేటలో ఫ్లాట్ తీసుకున్న కొత్తలో మా అమ్మాయికి కామిక్స్ పిచ్చి పట్టింది. ఆ పిచ్చిని ముదరబెట్టినవారు వుడ్‌ల్యాండ్స్ అంకుల్ (ఉండే పేటని బట్టే ఇక్కడ మేము మనుషుల్ని పిలుచుకుంటాం). ఆయన పుట్టి పెరిగింది సరిహద్దు అవతల జొహోర్‌లో. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం మీద కుర్రతనంలోనే ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఎప్పుడో ముత్తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఓడెక్కిన తెలుగు ఆయన నోట్లో చెక్కుచెదరకుండా ఉంది, మధ్యమధ్య మలయ్ మాటలు కలుస్తాయంతే. మా ఫ్లాట్ దగ్గర లైబ్రరీలో, ఒకే పుస్తకం కోసం ఒకేసారి చెయ్యి చాపి ఆయనా మా అమ్మాయీ స్నేహితులయ్యారు. మూడోవాడు బూన్ లే తమ్ముడు, కరీంనగర్ వైపు ఇంజనీరు, ఫ్యాక్టరీలో షిఫ్టు లేని శనివారం ఆ కొస నుంచి ఈ కొసకి గంటకు పైగా ట్రైన్‌లో వచ్చేవాడు. ముగ్గురూ హాకర్ సెంటర్‌లో, అంటే తిండికొట్లన్నీ ఒకేచోట ఉండే హాలులో, ఒక టేబుల్ పట్టి కూర్చునేవారు. నేను తోడుగా వెళ్ళి, కాఫీ తాగుతూ, కూరగాయల జాబితా రాసుకుంటూ, వీళ్ళకి వేరే పని లేదా అనుకునేదాన్ని.

వాళ్ళ వాదనలు వినితీరాలి. ఎగిరేవాళ్ళు కళ్ళజోడు పెట్టుకుంటే జారిపోదా? ఆ బిగుతు బట్టలకి జేబుల్లేవు కదా, ట్రైన్ కార్డు ఎక్కడ పెట్టుకుంటారు? ఇలాంటివాటి మీద గంటలు గంటలు నడిచేది. కానీ వాదనలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే చేరేవి, రాగిరెక్కల అమ్మాయి దగ్గరికి. అది అంకుల్ చిన్నప్పటి కామిక్. ఆ పిల్ల రెక్కలు వానలో మాత్రమే పనిచేస్తాయి. ఊరి శబ్దాలన్నీ మూటగట్టుకుపోయే చప్పుళ్ళ దొంగ అని ఒకడు ఆమె శత్రువు. ఆఖరి సంచికలో వాడు సముద్రంలో పడబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఎగురుతుంది. సరిగ్గా నడిసముద్రం మీద వాన ఆగిపోతుంది. తర్వాత ఏమైందో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చివరి పేజీ లేదు. అంకుల్, వాళ్ళ అన్నగారూ ఆ సంచిక రెండు కాపీలు కొన్నారట, ఒకటి చదవడానికి, ఒకటి దాచుకోవడానికి. చదివే కాపీ ఆఖరి ఆకు, వాళ్ళు అక్కడిదాకా వచ్చేలోగా, వాళ్ళ అమ్మమ్మ చింపి, అందులో వేయించిన వేరుశెనగలు పొట్లం కట్టేసింది. ఆ కామిక్ అచ్చువేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇంటర్నెట్‌లో ముఖచిత్రం తప్ప ఏమీ దొరకదు.

మరి రెండో కాపీ చూసుకోవచ్చు కదా అని మీలాగే నేనూ అడిగాను. చూడకూడదట. ప్లాస్టిక్ కవరులో పెట్టి టేపు వేసి, ఎవరు ముందు తెరిస్తే వాళ్ళు ఓడినట్టు అని అన్నదమ్ములు పందెం వేసుకున్నారు. నలభై ఏళ్ళయినా పందెం అలాగే ఉంది. అన్నగారు ఇప్పటికీ జొహోర్ నుంచి ఫోన్ చేసి, "తెరిచీసేవా?" అనే అడుగుతారు. రాగిరెక్కల అమ్మాయి దొంగ చెయ్యి వదిలేస్తుందని మా అమ్మాయి అనేది. "షి మస్ట్ లెట్ గో లా అంకుల్, ఫిజిక్స్ అది!" అంకుల్‌కి ఆ మాటే గిట్టదు. "వదల్దు తల్లీ. అలాంటి పిల్ల కాదది." తమ్ముడిది మూడో దారి. "ఆమె ఎందుకిడుస్తది? వాడే చెయ్యి గుంజుకుంటడు. లాస్టుకైనా వానికి సిగ్గు రావాలె గదా." ఈ తగువు తీరేది కాదు, తీరాలని వాళ్ళకీ లేదు.

మా అమ్మాయి పన్నెండో పుట్టినరోజుకి ఏం కావాలని అంకుల్ అడిగితే, ఆ కాపీని ఒక్కసారి చేత్తో పట్టుకోనివ్వమంది. ఆ శనివారం ఆయన దాన్ని రెండు తువ్వాళ్ళలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు ట్రైన్‌లో తెచ్చారు. మా అమ్మాయి తనివితీరా పట్టుకుని, వాసన చూసి, తర్వాత నా చేతికిచ్చి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అంకుల్, తమ్ముడూ కాఫీల వరుసలో ఉన్నారు. మధ్యాహ్నం జనం, ఒక్క టేబుల్ ఖాళీ అయింది. ఈ ఊళ్ళో టేబుల్ చోప్ చెయ్యాలంటే, అంటే మనదని గుర్తు పెట్టాలంటే, దాని మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్ళి భోజనం తెచ్చుకుంటారు. ఆ ప్యాకెట్‌ని ఎవరూ ముట్టరు. నా బ్యాగులో ప్యాకెట్ లేదు. చేతిలో దళసరిగా, రంగురంగులుగా, దూరానికి కూడా కనిపించేది ఒకటుంది. దాన్ని టేబుల్ మధ్యలో చక్కగా పెట్టి, నా తెలివిని నేనే మెచ్చుకుంటూ దోసెలకి వెళ్ళాను.

దోసెల ట్రేతో తిరిగొచ్చేసరికి ఆ టేబుల్ దగ్గర ఒక కుటుంబం హాయిగా సూప్ తాగుతోంది. పుస్తకం లేదు. మేము వచ్చేసరికే ఏమీ లేదన్నారు వాళ్ళు. మా అమ్మాయి నా ఖాళీ చేతుల వైపు చూసింది. "అమ్మా, చోప్ చేశావా? దాంతోనా?" ఆ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. ఆఫీసులో ఎన్ని తప్పులు చేసినా అంత సిగ్గుపడలేదు. అంకుల్ మాత్రం "అలమాక్!" అని ఒక్క కేక వేసి, అక్కడే కుర్చీలో కూలబడ్డారు. "పర్లేదు తల్లీ" అన్నారుగానీ ఆయన మొహంలో రక్తం లేదు. తమ్ముడు ట్రేలు పెట్టే అరలన్నీ వెతికాడు. నేను చెత్తడబ్బాలోకి కూడా తొంగి చూశాను.

చివరికి మా అమ్మాయే కనిపెట్టింది. ఐదు టేబుళ్ళ అవతల, ఫ్యాన్ కింద, ఒక చైనీస్ తాతగారు ఒక చేత్తో చాప్‌స్టిక్స్, ఇంకో చేత్తో రాగిరెక్కల అమ్మాయి! టేపు ఊడింది, కవరు పక్కన పడుంది, ఆయన ఆఖరి పేజీలో ఉన్నాడు. మేము నలుగురం పరిగెత్తుకుని వెళ్ళేసరికి ఆయన అట్ట మూసి, కళ్ళు తుడుచుకుని, "ఐ థాట్ ఫ్రీ వన్!" అన్నాడు. వదిలేసిన పేపరనుకున్నాడు పాపం, ఎవరైనా అలాగే అనుకుంటారు. రిటైరైన బస్ డ్రైవరట. పుస్తకం అంకుల్ చేతిలో పెడుతూ, "ఎండింగ్ ఆ, వెరీ షియోక్ లా, వెరీ నైస్! ద గర్ల్..." అని మొదలుపెట్టాడో లేదో, ముగ్గురూ చెవులు మూసుకుని ఒక్కసారిగా అరిచారు. చెప్పొద్దు, నో, డోంట్, ఒద్దు తాతా! హాకర్ సెంటరంతా తినడం ఆపి మా వైపు చూసింది.

అంకుల్ అక్కడికక్కడే అన్నగారికి ఫోన్ చేశారు. జరిగిందంతా విని అవతలి గొంతు ఒక్కటే అడిగింది. "నువ్వు చూసేవేట్రా?" "లేదన్నయ్యా. ఈ తాత చూసీసేడు." "అయితే పందెం ఉన్నట్టే." ఆ మాటతో అంకుల్ మొహం వెలిగిపోయింది. ముఖచిత్రం మీద రాగిరెక్క చివర శెనగగింజంత సోయాసాస్ మచ్చ పడింది. దాన్ని వేలితో తడిమి పకపకా నవ్వారు. "మా అమ్మమ్మేమో వేరుశెనగలు కట్టింది, నువ్వేమో టేబుల్ పట్టేవు. ఈ పుస్తకానికి ఆడోళ్ళతోనే గండం!" నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పైనున్న స్టేషనరీ కొట్లో టేపు కొనుక్కొచ్చి, చివరి పేజీ ఎవరూ చూడకుండా తాతగారి చేతే అతికించాం. అప్పుడు అంకుల్ దాన్ని నా చేతిలో పెట్టారు. "ఇంక నీ దగ్గరే ఉంచు తల్లీ. మా చేతుల్లో ఉంటే ఏదో ఓనాడు తెరిచీస్తాం. నీకైతే ఆశ లేదు కదా."

ఆ మాట నాకు చురుక్కుమంది. ఆశ లేదా? వారం రోజులు ఆలోచించి, మరుసటి శనివారం నా అభిప్రాయం నేనూ చెప్పాను. ఆమె వాడితోపాటే సముద్రంలోకి దూకి, వాణ్ణి లాక్కుంటూ ఈదుకొస్తుంది. రెక్కలు పనిచేయకపోతేనేం, చేతులున్నాయి కదా! మా అమ్మాయి నన్ను కొత్తగా చూసినట్టు చూసి, "అమ్మా, నాట్ బ్యాడ్ ఆ" అంది. నా ప్రమోషన్ రోజు కూడా అంత పొంగిపోలేదు.

అప్పట్నుంచి మేము ఐదుగురం. తాతగారు అందరికంటే ముందొచ్చి, అచ్చమైన టిష్యూ ప్యాకెట్‌తో టేబుల్ పట్టి ఉంచుతాడు. నిజం తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఎవరేం చెప్పినా ఒకే నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుని బట్టి కనిపెట్టాలని ఏడేళ్ళుగా చూస్తున్నాం, కుదరలేదు. మా అమ్మాయి హాస్టల్ నుంచి నేరుగా అక్కడికే వస్తుంది, ఫిజిక్స్ చదువుతోంది కాబట్టి ఇప్పుడు లెక్కలు వేసి మరీ వాదిస్తుంది. పుస్తకం మా బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. చీర తీసిన ప్రతిసారీ నా గోరు ఆ టేపు అంచు దాకా వెళ్ళి వెనక్కొస్తుంది. తెరిస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఆ ఒక్క నిమిషాన్ని తెరవకుండా దాచుకున్నందుకే మాకు ఏడేళ్ళ శనివారాలు దక్కాయి.