మా మామ అడిగిన దోవ

మా మామగారు పోయారని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను పూతలపట్టు సెంటర్లో నా టైలరింగ్ షాపు షట్టరు ఎత్తుతున్నాను. "నాయన పోయినాడు. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి అట్లే ఉండిపోయినాడు" అన్నాడు. ఎవరికైనా ముందు ఏడుపు రావాలి. నాకు ముందు దోవ గుర్తొచ్చింది. ఇప్పుడు ఈయన్ని ఏ దోవన తీసుకుపోవాలి? షట్టరు మళ్ళీ కిందికి లాగి, ఆ మెట్టు మీదే కూర్చుని, పోయిన మనిషి మీద కోప్పడ్డాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. చదివేవాళ్ళు కొంచెం సర్దుకోవాలి.

దోవ సంగతి ముందే చెప్పేస్తాను. మా చర్చి వాళ్ళ సమాధుల తోట ఊరి బయట, వాగులాంటి వంకకు అవతల ఉంది. అక్కడికి పోయే బండిదోవ ఒక మామిడితోట అంచునే పోతుంది. మా తాతల కాలం నుంచీ అందరూ నడిచిన దోవ. కొన్నేళ్ళ కిందట ఆ తోటాయన దోవకు అడ్డంగా రాతి కూసాలు నాటి, ముళ్ళకంచె లాగి, ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. రికార్డుల్లో దోవ ఉందని సర్వేయరు చెప్పినా లెక్కచేయలేదు. అప్పట్నుంచి ఎవరు పోయినా శవపెట్టెను వంకలో దించి, బురదలో కాళ్ళు జారుతూ, అవతలి గట్టెక్కించి మోసుకుపోవడమే. ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం కొట్టి, పండగనాడు తెల్లవారుతుండగా పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించడం మా అలవాటు. సున్నం బకెట్లూ ఆ వంకలోంచే. మా అత్త సమాధి కూడా అక్కడే ఉంది. మామ నొప్పి మోకాళ్ళతో ఆ వంకలో దిగి ఎక్కేవారు.

ఆ గేటు తెరిపించే పనిని చర్చి పెద్దలు మా మామకు అప్పజెప్పారు. పులి దగ్గరికి ఎవరినైనా పంపాలంటే లేడిపిల్లను పంపుతారా?

మామ ఉద్యోగమంతా చిత్తూరు–తిరుపతి బస్సులో కండక్టరుగా గడిచింది. కండక్టరంటే గొంతు ఉండాలి కదా. ఈయనకు లేదు. ఉన్నా వాడేవారు కాదు. బస్సు కిక్కిరిసి ఉంటే, నిలబడ్డ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "రవ్వంత లోపలికి జరిగితే, కింద ఉండేవాళ్ళు గూడా మన మాదిరే ఇంటికి పోతారు నాయనా" అని పూర్తిగా చెప్పేవారు. డ్రైవరు స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తూ, "సామీ, నీ ప్రసంగం అయినాక చెప్పు, బండి తీస్తా" అనేవాడు.

నా పెళ్ళైన కొత్తలో ఒకసారి అదే బస్సులో ఉన్నాను. తాగినవాడొకడు ఎక్కి, స్టాపు కానిచోట ఆపలేదని మామను నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. బస్సంతా వింటోంది. ఈయన తన నీళ్ళ సీసా తీసి, "ఎండన పడి వచ్చినట్టుండావు, తాగు నాయనా" అని చేతికిచ్చారు. నేను లేచి వాడికి ఇవ్వాల్సింది ఇచ్చాను. వాడు దిగిపోయాడు. నన్ను మెచ్చుకుంటారేమో అని చూశాను. ఇంటికొచ్చాక మామ అన్నది ఇది: "కోపాన్ని బస్సు ఎక్కనీయమ్మా, వద్దనలేదు. డ్రైవరు సీట్లో మాత్రం కూర్చోబెట్టబాకు."

ఇంట్లోనూ అంతే. సాంబారులో ఉప్పు లేకపోతే, "ఈపొద్దు సాంబారు నిదానంగా ఉండాది" అనేవారు. నిదానంగా ఉండే సాంబారు ఏమిటో అర్థమయ్యేసరికి నాకు ఏడాది పట్టింది. మంచినీళ్ళు కావాలంటే అడగరు. వంటింటి గడప దగ్గర నిలబడి, నేను తిరిగి చూసేదాకా ఉంటారు. పొద్దున లేస్తూనే ప్రార్థనలో తన నోటికి కాపలా పెట్టమని దేవుణ్ణి అడిగేవారు. నేను పొయ్యి దగ్గర్నుంచి, "ఏమీ బయటికి రాని నోటికి కాపలా ఎందుకు మామా? ఆ గేటు తాళం తీయించమని అడగండి" అనేదాన్ని. కళ్ళు మూసుకునే నవ్వేవారు.

అడగలేదని అనలేను. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక తోటకు పోయేవారు. మోటారు షెడ్డు ముందు తోటాయన వేసే ప్లాస్టిక్ కుర్చీలో, ఆయనతో మాట్లాడుతూ చాలాసేపు కూర్చుని వచ్చేవారు. ఆ తోటాయన ఎట్లాంటివాడంటే, ఊళ్ళో ఆయన నోటికి జడిసి ఎవరూ పలకరించరు. ఉన్న ఊళ్ళోనే ఉన్న కొడుకులు కూడా పలకరించరు. భార్య పోయాక మకాం ఆ షెడ్డుకే మార్చాడు.

"ఏమన్నాడు మామా?" అని అడిగేదాన్ని.

"దోవ అడిగినానమ్మా. ఇంగా ఏమీ చెప్పలేదు. ఈసారి పూత బాగుండాది" అనేవారు.

ఒక ఆదివారం ఆయన సంచిలో నొప్పుల నూనె సీసా కనిపించింది. తోటాయనకు మోకాలు పట్టేసిందట. నాకు ఒళ్ళు మండింది. "మన దోవ మూసిన మనిషి మోకాలికి మనం నూనె పూసేది ఏంది మామా?"

"మోకాలు మూయలేదు గదమ్మా దోవ" అన్నారు, సంచి భుజానికి తగిలించుకుంటూ.

చివరికి చర్చి కుర్రకారు విసిగిపోయి మండలాఫీసుకు అర్జీ రాశారు. పెద్దమనిషి కదా అని దాన్ని ఇచ్చిరమ్మని మామ చేతికే ఇచ్చారు. ఈయన నేరుగా మండలాఫీసుకు పోయి ఉంటే ఈ రాత ఇంకోలా ఉండేది. ఒక మనిషి మీద ఫిర్యాదు ఇస్తూ ఆ మనిషికి చెప్పకపోవడం చాటుమాటు పని అవుతుందని, ముందు తోటకు పోయి, ఆ అర్జీని తోటాయనకు చదివి వినిపించారు. ఆయన అంతా విని, కాయ కోత అయ్యేదాకా ఆగమన్నాడట. ఈయన సరేనని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశారు. ఆ సాయంత్రం నేను అన్నం వడ్డించాను గానీ మాట్లాడలేదు. కోత అయింది. మళ్ళీ పూత వచ్చింది.

ఇక ఆగలేక అడిగేశాను. "సాత్వికులకు భూమి దక్కుతుందని వాక్యంలో ఉందంటారు. భూమి సంగతి దేవుడెరుగు, పెట్టె పట్టేంత దోవ గూడా దక్కలేదు మామా మనకు."

ఆయన మెల్లిగా, "సాత్వికమంటే నోరు లేకపోవడం కాదమ్మా. నోరుండీ, ఎదుటోడికి తగలకుండా పట్టుకోవడం. నేను అడిగేది మానలేదు గదా" అన్నారు. అది నిజమే. వానకూ ఎండకూ ఒక్క ఆదివారం కూడా మానలేదు. అందుకే ఇంకా కోపం.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికి ఇంటిముందు జనం చేరారు. వంకలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. చర్చి కుర్రాళ్ళు గడ్డపారలు తెచ్చారు. పాస్టరుగారు వద్దంటున్నారు. మా ఆయన తల వంచుకుని ఉన్నాడు. నేనే చెప్పాను. "మా మామను వంకలో దించేది లేదు. గేటు పగలగొట్టండి." పెట్టెకు ముందు నేను నడిచాను. తోటాయనకు ఏమేం చెప్పాలో దారి పొడుగునా వరస పెట్టుకున్నాను.

పోయి చూస్తే పగలగొట్టడానికి గేటు లేదు. కీళ్ళతో సహా ఊడదీసి మామిడిచెట్టుకు ఆనించి ఉంది. ముళ్ళకంచె చుట్ట చుట్టి పక్కన పడేసి ఉంది. దోవంతా ఊడ్చి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి ఉంది. తోటాయన తలకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని ఒక పక్కకు నిలబడ్డాడు.

నేను ఊరుకోలేకపోయాను. "ఈ పని ఆయన బతికుండంగా చేసుంటే నీ సొమ్మేం పోయిండేది పెద్దాయనా?" అన్నాను. పెట్టె మోసేవాళ్ళు ఆగిపోయారు.

ఆయన నా మొహం చూడలేదు. పెట్టెనే చూస్తూ అన్నాడు. "పోయినేడే ఇచ్చేద్దామనుకుంటినమ్మా. ఇచ్చేస్తే ఆయప్ప మళ్ళా నా కాడికి రాడు గదా."

వరస పెట్టుకున్నదంతా నా నోట్లోనే ఉండిపోయింది. అప్పుడు ఏడుపు వచ్చింది. దుఃఖం ఎంతో, ఉక్రోషం ఎంతో నాకే తెలియదు. మామ కొంచెం కటువుగా మాట్లాడి ఉంటే, ఒకే ఒక్కసారి గొంతు పెంచి ఉంటే, ఆ గేటు ఎప్పుడో తెరుచుకునేది. మామ మోకాళ్ళకు ఆ వంక తప్పేది. ఆ ముసలాయనకు మాత్రం ఆదివారం ఉండేది కాదు. ఈ సంగతి మామకు తెలుసా అని ఇప్పుడు ఎవరిని అడగాలి? తెలిసే పోయేవారేమోనని నాకు అనుమానం. తెలిసి, నాకు ఒక్క ముక్క చెప్పలేదంటే, అది వేరే కోపం.

మొన్న ఆదివారం సమాధికి పూలు పెట్టడానికి ఆ దోవనే పోయాను. షెడ్డు ముందు తోటాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆ ప్లాస్టిక్ కుర్చీ, ఖాళీగా. వెన్నుకు ఆనుకోవడానికి దాని మీద మడత పెట్టిన గోతం. "మోకాలు ఎట్లుండాది?" అని అడిగాను. మెల్లిగానే అడుగుదామనుకున్నాను, ఎప్పటి గొంతే వచ్చింది. ఆయన ఫరవాలేదన్నట్టు తలూపాడు. అంతలో ఒక మామిడాకు రాలి ఆ కుర్చీలో పడింది. ఆయన మోకాలు పట్టుకుని లేచి, ఆకు తీసేసి, గోతం సరిగ్గా సర్ది, మళ్ళీ పోయి మంచం మీద కూర్చున్నాడు.