గుడ్డిగదిలో తీగ రుచి

మా తాత పోతులయ్య టెలిఫోన్ లైన్‌మన్. హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ, పెనుకొండ దగ్గరి స్తంభాలు ఆయనవి. ఆయన ఉద్యోగం సగం కాళ్లతో, సగం నాలుకతో నడిచింది. ఎగతాళికి అనడం లేదు. తీగలో కరెంటు ఉందో లేదో చూడాలంటే ఆయన దాని కొసను నాలుకకు ఆనించేవాడు. పుల్లగా చురుక్కుమంటే లైను బతికున్నట్టు.

తీగలన్నీ వచ్చి చేరే గది రైలుకట్ట పక్కన ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు మిలిటరీవాళ్లు కట్టించింది. రెండు మూరల మందం రాతిగోడలు, ఒక్క కిటికీ లేదు. బాంబు ముక్కలు లోపలికి రాకుండా వాకిలికి ఎదురుగా ఒక ఒంటిగోడ. మా అవ్వ ఈరక్క దాన్ని గుడ్డిగది అనేది.

1962 వానాకాలంలో తాత ఇరవై రోజులు విషజ్వరంతో పడుకున్నాడు. లేచాక ఒకరోజు అవ్వ పప్పులో ఉప్పు మరిచిపోయింది. ఉప్పు ఒక పలుకు తగ్గినా అన్నం తట్ట నూకేసే మనిషి, ఆ పప్పుతోనే సంగటంతా తినేసి లేచాడు.

"ఏమయ్యా, నోరు పనిజేస్తాండాదా?" అంది అవ్వ.

తాత చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "ఎవురికీ చెప్పొద్దు. పింఛనుకు ఇంకా రెండేండ్లు ఉండాది" అన్నాడు.

మరుసటి రోజు నుంచి అవ్వ సంగటి గంపతో గుడ్డిగదికి పోవడం మొదలుపెట్టింది. ఒంటిగోడ చాటున అవ్వ తీగ నాకేది. తాత బయటికి వచ్చి, తనే చూసినట్టు తోటివాళ్లకు చెప్పేవాడు. మిలిటరీవాళ్లు ఆ గోడ ఎవరి కోసం కట్టారో గానీ, పనికొచ్చింది మా అవ్వకే.

కార్తీకం ముందర చైనా యుద్ధం వచ్చింది. లైను నిమిషం కూడా ఆగకూడదని ఆర్డరు. ఒక పొద్దున అది ఆగనే ఆగింది. ఇన్‌స్పెక్టర్ గోవిందరాజులు జీపులో దిగి, గుడ్డిగదిలో తీగను విడదీయించాడు. హిందూపురం నుంచి వదిలిన కరెంటు ఇక్కడిదాకా వస్తే తెగింది ధర్మవరం వైపు, రాకుంటే హిందూపురం వైపు. మనుషుల్ని ఏ దిక్కు పంపాలో తాత నాలుక చెప్పాలి. తప్పు చెబితే ఆ రోజంతా లైను పోయినట్టే.

"చూడప్పా పోతులయ్యా, బిరీన" అని ఇన్‌స్పెక్టర్ తొందరపెట్టాడు.

అవ్వ ఇంకా రాలేదు. తాత తీగను నాలుకకు ఆనించాడు. రాయి నాకినట్టుంది. ఏదో ఒక దిక్కు చెప్పేసి తప్పించుకోవచ్చు. నేనైతే అదే చేసేవాణ్ని.

"సామీ, నా నాలుక సచ్చిపోయి మూడు నెలలాయ. నాకు తెలీదు" అన్నాడు తాత.

"మరి ఇన్నాళ్లూ చూసిందెవురప్పా?"

అప్పుడే గంపతో వస్తున్న అవ్వను తాత వేలితో చూపించాడు. అవ్వకు సంగతి అర్థమైంది. గంప దించి, నోరు పుక్కిలించి, తీగను నాలుకకు ఆనించింది.

"పులుపుండాది సామీ. ఈడిదాకా బాగుండాది. తెగింది ధర్మారం పక్క."

మనుషులు అటే పోయారు. మధ్యాహ్నానికి లైను కలిసింది. సాయంత్రం ఇన్‌స్పెక్టర్ తాత నడుముకున్న, స్తంభాలెక్కే తోలుబెల్టు విప్పించుకున్నాడు. ఉద్యోగం మాత్రం తీయలేదు, గుడ్డిగదికే కాపలాదారుగా వేశాడు. అవ్వ వైపు చూసి, "ఈయమ్మ పేరు రాసే గడి నా పుస్తకంలో లేదప్పా" అన్నాడట.

తాత మళ్లీ స్తంభం ఎక్కలేదు. పింఛను వచ్చాక కూడా ఒంటిగోడకు ఆనుకుని, ఎక్కేవాళ్లను చూస్తూ కూర్చునేవాడు. 1967లో అక్కడే పోయాడు. అన్నేళ్లలో అవ్వ ఒక్కరోజు కూడా ఉప్పు మరవలేదు. రుచి తెలియని మనిషికి ఉప్పెందుకే అని నేను ఏడిపిస్తే, "యాపొద్దన్నా తెలిస్తే, ఆ పొద్దు సప్పగుండకూడదు గదా" అనేది.