బీట్‌రూట్ చారుకు ఆమేన్

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ వంటింట్లో, బొగ్గు పొయ్యి ముందు పీట వేసుకుని, మా సలోమి అత్త రష్యన్‌లో మాట్లాడేది. ఎవరితోనో కాదు... చేతిలో ఉన్న ఉల్లిగడ్డతో!

అత్త అంటే మా బాపు చెల్లెలు. చదివింది ఏడో తరగతి. బొగ్గు బాయిలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు ఉండే గెస్ట్‌హౌస్‌లో వంట చేసేది. రష్యావాళ్ళు వచ్చారు... రెండు నెలల్లో వాళ్ళ భాష పట్టేసింది. తర్వాత ఫ్రెంచివాళ్ళు, పోలండ్‌వాళ్ళు, చైనావాళ్ళు... ఎవరొస్తే వాళ్ళది. పుస్తకం లేదు, పలక లేదు. కూరగాయ చేత్తో పట్టుకుని దీన్ని ఏమంటారని సైగ చేసి అడగడం, ఇంటికొచ్చి నాకు అప్పజెప్పడం... అంతే ఆమె చదువు.

నేను ఆమెకు తోకను. ఎనిమిదేళ్ళదాన్ని. ఉప్పు, నీళ్ళు, గిన్నె... నాకూ కొన్ని వచ్చేశాయి. రష్యావాళ్ళ బీట్‌రూట్ చారు ఎట్లా కాయాలో ఆమె మొదటి నుంచి చివరిదాకా రష్యన్‌లోనే చెబుతుంటే, ఎక్కడ ఏ మాట వస్తుందో నాకు కంఠతా వచ్చు.

అంతవరకు బాగానే ఉంది. ఇక్కడి నుంచి రాయాలంటేనే రోత పుడుతుంది...

మేం క్రైస్తవులం. మా పాత గుడి పాస్టరుగారు నెమ్మదైన మనిషి, ఈ కథ ఆయన గురించి కాదు. ఎక్కడి నుంచో వచ్చిన ఒకాయన బజారు వెనక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని ప్రార్థనలు మొదలుపెట్టాడు. ఇస్త్రీ నలగని తెల్ల బట్టలు, గుప్పుమనే సెంటు. ఆయన్నీ అయ్యగారనే పిలిచేవాళ్ళు. ఒకరోజు మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చి, వంటింట్లోంచి అత్త మాటలు విన్నాడు.

"ఇవి అన్యభాషలు! పరిశుద్ధాత్మ దిగి మాట్లాడిస్తోంది!" అన్నాడు.

"కాదయ్యగారూ, గెస్ట్‌హౌస్‌ల నేర్చుకున్న," అని అత్త నవ్వింది.

"ఎట్లా వచ్చినా వరమే కదమ్మా. ఆదివారం అందరి ముందు ఆ భాషలో ప్రార్థన చెయ్యి, చాలు."

తప్పేముందిలే అనుకుని ఒప్పుకుంది పాపం. తీరా నిలబడ్డాక... ఆమెకు వచ్చినవన్నీ వంటింటి మాటలే! ప్రార్థన మాట ఒక్కటీ రాదు. కళ్ళు మూసుకుని, చెమటలు కక్కుతూ, బీట్‌రూట్ చారు అందుకుంది. అయ్యగారు పక్కన నిలబడి తెలుగులో అర్థం చెప్పాడు... దేవుడు మీ కన్నీళ్ళు చూశాడట, మీ కష్టాలు గట్టెక్కిస్తాడట. జనం భోరున ఏడ్చారు. గడ్డ పొట్టు తియ్యాలంటే ఆమేన్... ఉప్పెయ్యాలంటే ఆమేన్!

ఇంటికి రాగానే అత్త, "అన్నా, ఇది మోసం. నేను మల్ల పోను," అంది.

"ఎవలికి నష్టమే? మంది ఎంత ఇజ్జత్ ఇస్తున్నరో చూసినవా?" అన్నాడు బాపు.

నిజమే... మాకు ముందు వరుసలో కుర్చీలు. ఇంటికి కోళ్ళు, అరటిపళ్ళు. ఆ కోళ్ళు నేనూ తిన్నాను. బొక్కలు కూడా వదలకుండా చీకాను. ఛీ... ఏం బతుకులు మావి!

బాపు మాట కాదనలేక అత్త వెళ్తూనే ఉంది. మూడు ఆదివారాలు ఇట్లాగే గడిచాయి. నాలుగో ఆదివారం మా వెనక లైన్‌లో ఉండే రూతక్క తన నాలుగేళ్ళ కొడుకును ఎత్తుకుని వచ్చింది. పిల్లాడికి కామెర్లు... కళ్ళు పచ్చగా అయిపోయి, తల ఆమె భుజం మీద వాలిపోయి ఉంది.

"దవాఖానకు తీస్కపోవాల్నా అయ్యగారూ?" అని అడిగింది.

"దేవుణ్ణే అడుగుదాం," అంటూ ఆయన అత్తకు సైగ చేశాడు. అత్త రెండు ముక్కలు చెప్పిందో లేదో... "మందులు వద్దంటున్నాడు దేవుడు! దవాఖాన గడప తొక్కితే విశ్వాసం పోయినట్టే అంటున్నాడు!" అని గొంతెత్తాడు.

అత్త కళ్ళు తెరిచింది.

"నేను గట్ల అనలే! నీళ్ళు మరిగినంక బీట్‌రూట్ గడ్డ ఎయ్యాలె అన్న... గంతే! ఇవన్నీ వంట మాటలే. దేవుని పేరు మీద నేను అబద్ధమాడ. రూతక్కా, పిల్లగాన్ని జల్ది దవాఖానకు తీస్కపో!"

షెడ్డంతా గోల. సైతాను పట్టిందన్నారెవరో. రూతక్క ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయింది. అప్పుడు అత్త నా వైపు తిరిగింది.

"గీ పిల్లకు తెలుసు, అడుగుండ్రి. చెప్పు బిడ్డా... ఇవి వంట మాటలే కదా?"

అందరూ నన్నే చూశారు. బాపు కూడా... ఆ చూపుకు ఇంట్లో అందరం వణికేవాళ్ళం.

"నాకు తెల్వదు," అన్నాను.

బాపు అందరి ముందే అత్త చెంప పగలగొట్టాడు. ఆ చప్పుడుకు రూతక్క ఉలిక్కిపడి, ఎవరి వైపూ చూడకుండా కొడుకును ఎత్తుకుని బయటికి నడిచింది. దవాఖానలో పన్నెండు రోజులుండి పిల్లాడు బతికాడు. అది కూడా తన ప్రార్థన మహిమేనని చెప్పుకున్నాడు ఆ అయ్యగారు! సిగ్గులేని జన్మ. దానికి కూడా మావాళ్ళు ఆమేన్ అన్నారు.

అత్తచేత గెస్ట్‌హౌస్ పని మాన్పించారు. మా వంటింట్లో మళ్ళీ ఏ దేశం మాటా వినబడలేదు.

ఇప్పుడైతే ఫోన్ ముందు పెడితే చాలు, ఏ దేశం మాటైనా క్షణంలో తెలుగవుతుంది. పోయిన నెల నా బిడ్డను తీసుకుని సెంటినరీ కాలనీలో ఉంటున్న అత్తను చూడటానికి వెళ్ళాను. చుట్టాల్లో ఎవరో చెప్పారట... నా బిడ్డ వెళ్ళగానే అడిగింది, "అవ్వా, నీకు రష్యన్ వచ్చంట కదా! నిజమేనా?"

అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మీ అమ్మను అడుగు," అంది.

నా బిడ్డ నా ముఖంలోకి చూసింది. నేను చాయ్ పెడతానని లేచి లోపలికి పోయాను. ముప్పై ఏళ్ళు దాటినా అదే పిరికితనం... నా మీద నాకే అసహ్యం వేసింది.

అందుకే ఇక్కడ, మన ఊరివాళ్ళ గ్రూపులో రాస్తున్నాను. ఆ ఆదివారం ఆ రేకుల షెడ్డులో కూర్చున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే... మీరు చూసింది మీరూ కింద రాయండి. నేను చూసింది ఇదీ... అవి వంట మాటలే. మా అత్త నిజమే చెప్పింది. నాకు తెలుసు... అప్పుడు కూడా తెలుసు.