అయితేగారి ఫారాలు

మా ఆఫీసులో కంప్యూటర్ ఫారాలు తయారుచేసే పెద్దాయనకి ‘అవును’, ‘కాదు’ అంటే చాలదు. ఏ జవాబు వెనకైనా ఒక ‘అయితే’ తగిలించాల్సిందే. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితాల్లో ఉందేమో గానీ, మాకందరికీ ఆయన అయితేగారే.

ఒకసారి కొత్త కుర్చీ కోసం ఆయన ఫారం తెరిచాను. పాతది విరిగిందా అంటే అవునని నొక్కాను. వెంటనే కింద ఇంకో ప్రశ్న పుట్టింది: ‘అవును అయితే, విరిగినప్పుడు అందులో మీరున్నారా?’ ఉన్నానన్నాను. ‘ఉంటే, దెబ్బ తగిలిందా?’ తగిలిందన్నాను. ‘తగిలితే, ఇప్పుడు కూర్చోగలరా?’ ఒళ్లు మండి లేనని నొక్కాను. మందుల పెట్టె ఏ బీరువాలో ఉందో చూపించింది. కుర్చీ మాత్రం పదిహేడో ప్రశ్న తర్వాత గానీ రాలేదు.

టీ దగ్గరా ఇదే వరస.

“టీ తాగుతారా అండీ?”

“తాగుతానమ్మా. వేడిగా ఉంటే ఇప్పుడు, చల్లారితే వేడిచేశాక, అయిపోతే రేపు.”

“అబ్బబ్బ, తాగండి బాబూ!”

పోయిన నెల మా చెల్లిని ఆస్పత్రిలో చేర్చాం. ఏం జబ్బో ఎవరికీ చెప్పొద్దని అది నా చేత ఒట్టు వేయించుకుంది. దాని దగ్గర ఉండాలంటే నాకు వారం సెలవు కావాలి. ఆ సెలవు ఫారం కూడా ఈ మహానుభావుడి సృష్టే! చచ్చాంరా దేవుడా అనుకుంటూ తెరిచాను.

కారణం ఏంటంది. జ్వరం, ప్రయాణం, పెళ్లి... అన్నిటికన్నా అడుగున ‘చెప్పాలని లేదు’ అని ఉంది. అది నొక్కి, ‘లేకపోతే, ఎందుకు లేదు?’ అని వస్తుందని బిక్కుబిక్కుమంటూ చూశాను.

‘సరే. ఎన్ని రోజులు?’

ఏడు అని కొట్టాను.

‘వెళ్లి రండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.’

అంతే! నేరుగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను.

“దీనికి అయితే పెట్టలేదేంటండీ?”

“అది పెట్టకుండా ఉండటానికి మేనేజరుతో మూడు వారాలు పోట్లాడానమ్మా. కారణం చెప్పకపోతే సెలవెలా ఇస్తామంటాడు. చెప్పుకోలేనివాళ్లకే కదా సార్ ముందు ఇవ్వాల్సింది, అన్నాను.”

“మరి మిగతావాళ్ల ప్రాణాలు ఎందుకు తోడేస్తారు?”

“జ్వరమన్న మనిషిని డాక్టరు దగ్గరికి వెళ్లావా అని ఎవరో ఒకరు అడగాలి కదమ్మా.”

ఇన్నాళ్లూ ఈయన్నా నేను వెక్కిరించింది అని సిగ్గేసింది. సంచి తీసుకుని బయల్దేరితే గేటు దాకా వెంట వచ్చారు. ఎవరికి, ఏమైంది, ఏ ఆస్పత్రి? ఒక్కటీ అడగలేదు. ఆపుకోలేక పాపం మొహం కందిపోయింది. చివరికి ఒక్కటి బయటపడింది.

“బస్సు దొరక్కపోతే?”

నేను నోరు తెరిచేలోపే తన స్కూటరు తాళం నా చేతిలో పెట్టారు.

“మరి మీరో?”

“నడుస్తాను. నడవలేకపోతే టాక్సీ. టాక్సీ రాకపోతే...”

“వస్తానండీ!” అంటూ స్కూటరు ఎక్కేశాను.

ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. నాలుగు రోజులుగా ఉలుకూ పలుకూ లేకుండా గోడవైపు తిరిగి పడుకున్న చెల్లి ఇటు తిరిగింది.

“టాక్సీ రాకపోతే ఏంటక్కా?”

“ఏమో, వినకుండా వచ్చేశానే.”

“పూర్తిగా విని రావద్దూ!” అని పకపకా నవ్వింది.