వాయిదా రోజుల పట్నం

"...కోర్టుకెల్తన్నావో తీర్థానికెల్తన్నావో నాకు తెలీదనుకున్నావేటి," అంటూ దాలమ్మ చద్దిమూట ఇవ్వకుండా గుమ్మంలోనే నిలబడింది. "కోర్టుకెల్లినోడు ఏడుపుమొకంతో వస్తాడు. నువ్వు కిల్లీ నవులుకుంటూ వస్తావు."

"ఆ కిల్లీ ఎర్రన్న కొనిపెట్టినాడు," అన్నాడు కూర్మయ్య.

"మనతో కేసాడతన్నోడు కొనిపెట్టినాడు, నువ్వు తిన్నావు. బాగుంది మావా."

"నన్నేటి సెయ్యమంతావు?"

"నన్నూ తీసుకెల్లు. ఎనిమిదేళ్ళ నుంచి ఊరందరికీ పట్నం కబుర్లు సెప్తన్నావు. నాకొక్కదానికే సూపించవు."

"ఊడుపులు ముంచుకొస్తంటే ఇప్పుడేటే?"

"ఊడుపుకి ఇంకా నాలుగు రోజులున్నాది. ఆకుమడి ఎక్కడికీ పారిపోదు."

కూర్మయ్య చద్దిమూట తీసుకుని ముందు నడిచాడు. వెనక పెళ్ళాం తలుపు గొళ్ళెం పెట్టిన చప్పుడైంది.

ఎకరన్నర పల్లం మీద కేసు. అది తన తండ్రి వాటా అని కూర్మయ్య, కాదు తన తండ్రి వాటా అని పెదనాన్న కొడుకు ఎర్రన్న. కూర్మయ్యే ముందుగా విజయనగరం వెళ్ళి దావా వేశాడు. దావా తేలేదాకా సాగు కూర్మయ్యే చేసుకోవాలని, ఎర్రన్న మడిలో కాలు పెట్టకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు మీదే ఎనిమిది పంటలు ఇంటికి వచ్చాయి. వేరే భూమి లేదు.

మొదటి ఏడాది వాయిదాకి వెళ్ళినప్పుడు కూర్మయ్య మంచినీళ్ళకైనా లేవకుండా కోర్టు అరుగు మీద కూర్చునేవాడు. ప్లీడరుగారి గుమాస్తా జగన్నాధం, "ఎక్కడికీ కదలకు, ఏ నిమిషాన పిలుస్తారో" అని చెప్పి లోపలికి వెళ్ళేవాడు. సాయంత్రం బయటికొచ్చి, వాయిదా పడిందని తేదీ చెప్పేవాడు. రెండో ఏడాది టీకొట్టు దాకా వెళ్ళి వచ్చాడు. పిలవలేదు. మూడో ఏడాది బజారంతా తిరిగి వచ్చాడు. పిలవలేదు. జగన్నాధం మాత్రం ఎప్పుడూ అదే మాట అనేవాడు. ఆ మాటకి కూర్మయ్య తల ఊపేవాడు. తర్వాత లేచి దులుపుకుని బయటపడేవాడు.

తోడు ఎర్రన్నే. ఊళ్ళో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఒకే బస్సులో ఎక్కినా చెరో మూలా కూర్చుంటారు. పట్నంలో దిగాక పలకరించడానికి ఇంకో మనిషి లేడు. అలా మొదలైంది. చేతిలో బస్సు చార్జీకి మించి ఉండదు కనక, డబ్బు అడగని చోట్లన్నీ ఇద్దరూ కలిసి కనిపెట్టారు. స్టేషను వంతెన ఎక్కి నిలబడితే మెయిలుబండి కాళ్ళ కిందనుంచి పోతుంది. ఫోటో స్టూడియో అద్దాల వెనక పెళ్ళికొడుకులూ పెళ్ళికూతుళ్ళూ ఎంతసేపు చూసినా ఏమీ అనరు. సంగీత కళాశాల ప్రహరీ నీడలో కూర్చుంటే వీణలు వినిపిస్తాయి. ఒకసారి లోపల ఎవరో కుర్రవాడు ఒకటే ముక్క పొద్దస్తమానం వాయిస్తూ తప్పుతుంటే ఎర్రన్న, "ఈడికీ వాయిదా పడ్డాదిరా తమ్ముడా" అన్నాడు. ఆ ఏడాది నవ్విన నవ్వు కూర్మయ్యకి అదొక్కటే.

సినిమాహాలు వెనకగోడ అన్నిటికంటే మేలు. నేల టికెట్టు కొనక్కర్లేదు. గోడకి చెవి ఆనిస్తే ఏడుపులూ కొట్లాటలూ పాటలూ అన్నీ వినిపిస్తాయి. హీరో చచ్చిపోయాడని ఎర్రన్న, లేదు పెళ్ళయిందని కూర్మయ్య వాదించుకునేవారు. ఊరికి వచ్చి కూర్మయ్య ఆ కథలు కళ్ళతో చూసినట్టే చెప్పేవాడు. పట్నం వెళ్ళేవాళ్ళు అతన్ని అడిగి మరీ వెళ్ళేవారు. పొలం ఉన్నవాడిగా కంటే పట్నం తెలిసినవాడిగా అతనికి ఊళ్ళో ఎక్కువ మర్యాద దొరికింది.

ఆ రోజు కోర్టు అరుగు మీద జగన్నాధం కళ్ళజోడు సర్దుకుంటూ, "కొత్త జడ్జీగారు వచ్చారు. ఎక్కడికీ కదలకు" అన్నాడు.

"అలాగే బాబూ," అన్నాడు కూర్మయ్య.

జగన్నాధం లోపలికి వెళ్ళగానే కూర్మయ్య లేచాడు. ఎర్రన్న వైపు చూశాడు. ఎర్రన్న స్తంభానికి చేరబడి మోకాలు రుద్దుకుంటున్నాడు.

"మోకాలు పట్టేసినాది. మీరెల్లండి," అన్నాడు. "మరదలు మొదటిసారి వచ్చినాది కదా. మెయిలుబండి సూపించు."

వంతెన మీద దాలమ్మ కమ్మీ రెండు చేతులతో పట్టుకుంది. బండి కింద నుంచి పోతున్నంతసేపూ ఊపిరి తీసినట్టు లేదు. పొగ కళ్ళల్లో పడ్డా మూసుకోలేదు.

"ఇంతమంది ఎక్కడికెల్తన్నారు మావా?"

"ఎవుడి వాయిదాకి ఆడు."

ఆమె నవ్వింది. గంటస్తంభం దగ్గర తల వెనక్కి వాల్చి గడియారం చూసింది. ఎంతయిందో ఇద్దరికీ తెలియదు. ఫోటోల అద్దం ముందు నిలబడి, "ఈ పిల్ల కళ్ళల్లో బెరుకున్నాది, ఇష్టంలేని పెళ్ళి" అంది. కోట గోడ నీడలో చద్ది తిన్నారు. కూర్మయ్య ఆమెకి రంగు సోడా కొనిచ్చాడు. ఆమె సగం తాగి మిగతాది అతనికిచ్చింది. సినిమాహాలు వెనక ఆమె గోడకి చెవి ఆనించి కూర్చుంటే అతను కథ చెప్పబోయాడు.

"నువ్వూరుకో. నన్ను ఇననీ," అంది.

మధ్యలో విశ్రాంతి గంట కొట్టినా లేవలేదు. కూర్మయ్య తొందరపెట్టలేదు. పెళ్ళయి పద్నాలుగేళ్ళలో ఆమె ఒక పూటంతా పని లేకుండా కూర్చోవడం అతను చూడలేదు.

తిరిగి వచ్చేసరికి కోర్టు అరుగు మీద జనం పలచబడ్డారు. జగన్నాధం మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"మళ్ళా ఎప్పటికండీ బాబూ?" అని అడిగాడు కూర్మయ్య.

"ఎప్పటికీ లేదు. పన్నెండింటికి పిలిచారు. డఫేదారు నీ పేరు మూడుసార్లు కేకేశాడు. ప్లీడరుగారు వాయిదా అడిగితే ఈయన ఇవ్వనన్నారు. సాక్ష్యం చెప్పాల్సింది నువ్వు. నువ్వే లేవు. దావా కొట్టేశారు."

కూర్మయ్యకి మాటలు అందాయిగాని అర్థం అందలేదు. "మరి సాగు?"

"దావాతోపాటే ఉత్తర్వూ పోయింది. ముప్ఫై రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. జ్వరమొచ్చి పడిపోయానని డాక్టరు దగ్గర కాగితం తేవాలి. అది విచారణకొచ్చేసరికి ఈ పంట కోతలు కూడా అయిపోతాయి." జగన్నాధం గొంతు తగ్గించాడు. "నేను కదలొద్దన్నాను కదా."

"ఎప్పుడూ అంతారు కదండీ," అన్నాడు కూర్మయ్య.

ఎర్రన్న పొద్దున్న కూర్చున్న స్తంభం దగ్గరే ఉన్నాడు. కూర్మయ్య అతని ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"మేమెక్కడుంతామో నీకు తెలుసు."

"తెలుసు."

"ఒక్క మనిషిని పంపించుంటే సరిపోను."

ఎర్రన్న మోకాలు చూసుకున్నాడు. "ఎనిమిదేళ్ళు కిల్లీ కొనిపెట్టినాను తమ్ముడా. పొలం కూడా నానే కొనిపెట్టాలా?"

ఆఖరి బస్సులో ఉన్న జాగా ఒకటే బల్ల. ముగ్గురూ దాని మీదే కూర్చున్నారు. కిటికీ పక్కన దాలమ్మ, మధ్యలో కూర్మయ్య, ఇవతల ఎర్రన్న. పట్నం దాటాక దారిపొడుగునా మళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి. కొన్నిచోట్ల ఊడుపులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు.

"రేపు పొద్దున్న నాగలి కడతాను," అన్నాడు ఎర్రన్న ఎదరకి చూస్తూ. "ఆకు నువ్వు పోసుకున్నదే. పీక్కుని ఎక్కడన్నా ఊడ్సుకో. నానేటీ అన్ను."

ఆ నారు ఊడ్చుకోవడానికి కూర్మయ్యకి సెంటు మడి లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అతను చేతులు తొడల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు రెండు ఊళ్ళు దాటింది.

దాలమ్మ కిటికీలోంచి తల తిప్పి, మొగుడి మీదుగా ఎర్రన్నని చూసింది.

"బావా, ఊడుపుకి ఎంతమందిని పిలుస్తావు?"

"ఎనిమిది మందిని."

"ఏడుగుర్ని పిలు," అంది దాలమ్మ. "ఎనిమిదో కూలిమనిషిని నాను."